ఇంజినీరింగ్ నిర్మాణాలలో ముప్పు అంచనా: జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాల చారిత్రక పరిశీలన

1. ఉపోద్ఘాతం:
ఒక కట్టడం ఏ విధంగా విఫలం కావచ్చు, అందుకు అవకాశమెంత, విఫలమైతే కలిగే నష్టమెంత? ఈ మూడు ప్రశ్నలకు సమాధానం వెదకడమే ఇంజినీరింగ్ రంగంలో రిస్క్ అనలిస్టు పని. ఉద్యోగంగా ఇది ఆధునికమైనదే అయినా, దాని వెనుకనున్న ఆలోచన ఓరుగల్లు సీమకు కొత్తది కాదు. 2016 అక్టోబరు 11న ఏర్పడిన జనగామ, మహబూబాబాద్, జయశంకర్ భూపాలపల్లి జిల్లాల నిర్మాణాల ఆధారంగా ఆ ఆలోచనను పరిశీలించడం ఈ వ్యాస ఉద్దేశం.

2. మత్తడి - నీరడి:
మహబూబాబాద్ జిల్లాలోని బయ్యారం చెరువు కాకతీయ గణపతిదేవుని సోదరి మైలాంబ నిర్మాణమని అక్కడి శాసనం తెలుపుతున్నది. మట్టికట్ట మీదుగా నీరు పొర్లితే కోతపడి గండి ఏర్పడుతుంది. అందుచేత కట్టకన్న తక్కువ ఎత్తులో మత్తడి కట్టి, అదనపు నీటికి ముందే దారి ఏర్పరిచేవారు. గొలుసుకట్టు చెరువులలో పై కట్ట తెగితే ఆ నీరంతా కింది చెరువుపై పడుతుంది. కాబట్టి ఒక కట్ట భద్రత ఒక్క ఊరి విషయం కాదు. తూమును, కట్టను కనిపెట్టి ఉండే బాధ్యత నీరడిది.

3. నీరు రాని ముప్పు:
మెట్టప్రాంతమైన జనగామలో వరదకన్న కరవుదే పెద్ద భయం. దేవాదుల ఎత్తిపోతల పథకం గోదావరి నీటిని గంగారం వద్ద తోడి, అంచెలంచెలుగా గండిరామారం, బొమ్మకూరు జలాశయాల వరకు చేరుస్తుంది. ఇటువంటి పథకంలో ఒక అంచెలో పంపు నిలిచినా పై అంచెలన్నిటికీ నీరు ఆగుతుంది. గొలుసుకట్టు సూత్రమే ఇక్కడ తలకిందులుగా పనిచేస్తుంది.

4. లెక్కకు మించిన వాన:
'నూరేళ్ళ వరద' అంటే నూరేళ్ళకొకసారి వచ్చేదని అర్థం కాదు. ఏ ఏడాదైనా రావడానికి 1 శాతం అవకాశమున్న వరద. యాభై ఏళ్ళు నిలిచే కట్టడానికి అది ఒక్కసారైనా ఎదురయ్యే అవకాశం దాదాపు 40 శాతం. 2023 జులై 27 ఉదయానికి ముగిసిన 24 గంటలలో పొరుగున ఉన్న ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో 649.8 మిల్లీమీటర్ల వర్షం కురిసింది. అదే రోజు భూపాలపల్లి జిల్లా మోరంచపల్లిని వరద ముంచెత్తగా జనం ఇళ్ళ కప్పులెక్కారు. 2024 సెప్టెంబరు 1న కేసముద్రం - ఇంటికన్నె మధ్య పట్టాల కింది కంకర, మట్టి కొట్టుకుపోయి రైళ్ళు నిలిచిపోయాయి. రైలు కట్టకు కల్వర్టే మత్తడి. దాని వెడల్పు చాలకపోతే కట్టే కోతకు గురవుతుంది.

5. మేడిగడ్డ:
2019 జూన్ 21న ప్రారంభమైన మేడిగడ్డ బరాజ్‌లో 2023 అక్టోబరు 21న ఏడవ బ్లాకులోని పియర్లు కుంగాయి. పునాది కింది ఇసుక కొట్టుకుపోవడాన్ని కారణంగా పేర్కొన్న జాతీయ డ్యామ్ భద్రతా సంస్థ కమిటీ ప్రణాళిక, డిజైను, నాణ్యతా నియంత్రణలతోపాటు నిర్వహణలోనూ లోపాలను ఎత్తిచూపింది. ఇక్కడ పరిశీలించదగినది చివరి అంశం. పునాది కింది ఇసుక కదలిక పైనుంచి కనిపించదు. వానకాలానికి ముందు, తరువాత జరిపే తనిఖీలలోనే దాని ఆనవాళ్ళు పట్టుబడాలి. 2021 నాటి డ్యామ్ భద్రతా చట్టం తనిఖీలను, ముప్పు అంచనా అధ్యయనాలను యజమాని బాధ్యతగా నిర్దేశించింది.

6. ముగింపు:
మత్తడి ఎత్తును ఒకసారి నిర్ణయించి ఊరుకోలేదు. ప్రతి వానకు కట్ట మీదికి వెళ్ళే మనిషిని కూడా ఏర్పాటు చేశారు. ముప్పు అంచనా డిజైనుతో ముగిసే కాగితం కాదని, కట్టడం నిలిచినంతకాలం సాగవలసిన పని అని ఈ మూడు జిల్లాల అనుభవం నిరూపిస్తున్నది. నీరడి స్థానంలో పరికరాలు, పట్టికలు వచ్చాయి. వాటిని చూసి సకాలంలో హెచ్చరించే అధికారం, ఆ హెచ్చరికను వినే వ్యవస్థ లేకపోతే ఎంత కచ్చితమైన లెక్క అయినా నిరుపయోగమే.