హాలు లేని నాటకం

1957. న్యూయార్క్‌లో బ్లీకర్ వీధి. భోజనాలయ్యాక లొరేన్ హాన్స్‌బెర్రీ తను రాస్తున్న నాటకం కాగితాలు తీసి చదవడం మొదలుపెట్టింది. విన్నవాళ్ళలో ఫిలిప్ రోజ్ ఒకడు. పాటల ప్రచురణ అతని వ్యాపారం. ఒక్క నాటకమైనా ఆడించిన అనుభవం లేదు. మర్నాడు పొద్దున్నే ఫోన్ చేసి, దీన్ని బ్రాడ్వే ఎక్కిద్దాం అన్నాడు.

ఆమె చిల్లర ఉద్యోగాలన్నీ పక్కనపెట్టి రాసుకోగలిగిందే ఒక పాట పుణ్యమా అని. భర్త రాబర్ట్ నెమిరాఫ్ స్నేహితుడితో కలిసి కట్టిన 'సిండీ, ఓ సిండీ' 1956లో మోగిపోయింది. ఆ డబ్బే ఇల్లు గడిపింది.

నాటకం పేరు 'ఎ రైజిన్ ఇన్ ద సన్'. షికాగోలో ఇరుకు కొంపలో ఉండే యంగర్ కుటుంబానికి, ఇంటి పెద్ద పోయాక 10,000 డాలర్ల బీమా సొమ్ము వస్తుంది. తల్లికి సొంతిల్లు కావాలి. కొడుకు వాల్టర్‌కు మద్యం దుకాణం కావాలి. అతను నమ్మిన మనిషి సొమ్ముతో ఉడాయిస్తాడు. ఒక్క పాత్ర తప్ప అందరూ నల్లజాతివాళ్ళే. డబ్బున్నవాళ్ళకు మింగుడుపడనిది అదే.

బ్రాడ్వేకి డబ్బు పోగుచేయడమంటే మన పరిషత్తు నాటకాలవాళ్ళు చందా పుస్తకం పట్టుకు తిరగడం కాదు. ఇచ్చినవాడు వాటాదారు. నాటకం ఆడితే ముందు అసలు తిరిగొస్తుంది, తర్వాత లాభం పంచుకుంటారు. ఆడకపోతే గోవిందా! అందుకే పెద్ద సంచులవాళ్ళు లెక్కలు చూసుకుని తలుపు వేసేశారు. టిక్కెట్టు కొనేది తెల్లవాళ్ళు, వాళ్ళు ఈ కథకి వస్తారా అన్నది వాళ్ళ సందేహం. నల్లజాతివాళ్ళు కూడా టిక్కెట్లు కొనవచ్చన్న ఆలోచన ఆ లెక్కల్లో ఎక్కడా లేదు.

సినిమాల్లో పేరు తెచ్చుకుంటున్న సిడ్నీ పాయిటియర్ వాల్టర్ వేషానికి ఒప్పుకున్నా తలుపులు తెరుచుకోలేదు. పైగా దర్శకుడిగా అతను సూచించింది తన నటన గురువు లాయిడ్ రిచర్డ్స్‌ని. బ్రాడ్వేలో నల్లజాతి దర్శకుడన్న మాటే వినపడని రోజులవి. రోజ్ వెనక్కి తగ్గలేదు. సహనిర్మాతగా డేవిడ్ కోగన్ తోడు నిలిచాడు. పెద్ద చెక్కు రాసేవాడు దొరక్క చిన్న చెక్కులు ఏరుకున్నారు. వాటాదారులు వందకు పైగా తేలారు. దానికి ఏడాది దాటింది.

తీరా డబ్బు చేతికొచ్చాక హాలు లేదు. న్యూయార్క్ థియేటర్లు గుప్పెడుమంది యజమానుల చేతుల్లో ఉండేవి. వారం వారం వసూళ్ళలో వాటా వాళ్ళకి కూడా ఉంటుంది కనుక ఎవరికి పడితే వాళ్ళకి ఇవ్వరు. ఎవరూ ఇవ్వలేదు. 1959 జనవరిలో బృందం న్యూ హేవెన్‌లో తెర తీసింది, అక్కణ్ణుంచి ఫిలడెల్ఫియా వెళ్ళింది. ఆ తర్వాత ఎక్కడికన్నది ఎవరికీ తెలియదు. వాటాదారుల డబ్బు మాత్రం రోజూ కరుగుతోంది. నా దృష్టిలో ఈ కథలో అసలు ధైర్యం ఇలా హాలు లేకుండానే తెర తీయడం, మొదటి రోజు చేసిన ఫోన్ కాదు.

ఫిలడెల్ఫియాలో నాటకం చూసిన రచయిత జేమ్స్ బాల్డ్విన్, ఒక థియేటర్లో అంతమంది నల్లజాతివాళ్ళను అంతకుముందెన్నడూ చూడలేదని తర్వాత రాశాడు. పెద్దసంచుల లెక్కకు జవాబు ఆ కుర్చీల్లో కూర్చుంది. థియేటర్ల యజమానుల్లో ఒకరైన షూబర్ట్ సంస్థ దిగొచ్చి ఎథెల్ బారీమోర్ థియేటర్ ఇస్తానంది. అది ఖాళీ అయ్యేదాకా షికాగోలో ఆడారు. లొరేన్ పుట్టిన ఊరది. తెల్లవాళ్ళ పేటలో ఇల్లు కొన్నందుకు ఆమె తండ్రి మీద పెట్టిన కేసు సుప్రీంకోర్టు దాకా నడిచిన ఊరు కూడా అదే.

మార్చి 11 రాత్రి బారీమోర్‌లో తెర పడింది. జనం లేచి రచయిత్రి రావాలని కేకలు. పాయిటియర్ కిందికి దిగి, 28 ఏళ్ళ లొరేన్‌ని చెయ్యిపట్టి వేదిక మీదికి తీసుకెళ్ళాడు. బ్రాడ్వేలో తన నాటకం చూసుకున్న మొదటి నల్లజాతి మహిళ ఆమె. 530 ప్రదర్శనలు నడిచాయి. న్యూయార్క్ విమర్శకుల బహుమతి వచ్చింది. 1961లో సినిమా అయింది.

పాయిటియర్ తప్పుకున్నాక వాల్టర్ వేషం కట్టిన ఆసీ డేవిస్, తర్వాత సొంతంగా ఓ నాటకం రాశాడు. దాన్నీ 1961లో రోజే బ్రాడ్వే ఎక్కించాడు. ముసలితనంలో ఆత్మకథ రాసినప్పుడు రోజ్ దానికి పెట్టుకున్న పేరు, 'రైజిన్' డబ్బు కోసం తిరిగిన ఏడాది పొడుగునా గడపగడపలో విన్న మాటే: బ్రాడ్వేలో అలాంటివి కుదరవయ్యా!