సాకెట్ పానాల పుట్టుపూర్వోత్తరాలు: తయారీదారును గుర్తించే ఆధారాలు

నట్టు తలను చుట్టూ పట్టుకుని తిప్పే చిన్న గిన్నెలాంటి ఉక్కు భాగమే సాకెట్. దాని వెనుక ఉన్న చదరపు రంధ్రంలో పిడి అమరుతుంది. పిడి ఒకటే ఉంచుకుని, నట్టు కొలతను బట్టి సాకెట్లు మార్చుకోవడం ఈ పనిముట్టు ప్రత్యేకత. సాకెట్ సెట్ రూపుదిద్దుకున్నది ప్రధానంగా అమెరికాలో. అక్కడి పాత సెట్లను ఎవరు, ఎప్పుడు తయారు చేశారో తేల్చడం ఇప్పుడు సేకర్తలకూ పారిశ్రామిక చరిత్రకారులకూ ఒక అధ్యయన రంగం.

వెర్మాంట్ రాష్ట్రంలోని వుడ్‌స్టాక్‌కు చెందిన జె.జె. రిచర్డ్‌సన్ 1863లో రాచెట్‌తో పనిచేసే సాకెట్ పానాకు పేటెంట్ పొందాడు. రాచెట్‌లో పళ్ళచక్రాన్ని ఒక చిన్న మీట ఒక దిశలోనే అడ్డుకుంటుంది. పిడిని వెనక్కి తెచ్చేటప్పుడు నట్టు కదలదు, పానాను ఊడదీసి మళ్ళీ తగిలించాల్సిన పనీ ఉండదు. ఈ సౌకర్యానికి పెద్ద గిరాకీ మోటారు కార్లతోనే వచ్చింది. 1908 నుంచి 1927 వరకు ఫోర్డ్ మోడల్ టీ కార్లే కోటిన్నర తయారయ్యాయి. మసాచుసెట్స్‌లోని ఆటిల్‌బరోలో ఫ్రాంక్ మాస్‌బర్గ్ కంపెనీ వంటివి రాచెట్ పిడి, మార్చుకునే సాకెట్లు కలిపి పెట్టెలుగా అమ్మాయి.

జోసెఫ్ జాన్సన్, విలియం సైడ్‌మన్ 1920లో మిల్వాకీలో స్నాప్-ఆన్ సంస్థను స్థాపించారు. అయిదు పిడులు, పది సాకెట్లు ఉన్న వారి సెట్ యాభై పానాల పని చేస్తుందన్నది ఆ సంస్థ ప్రచారం. మార్చుకునే సాకెట్లు అంతకుముందే ఉన్నాయి కాబట్టి ఆ ఆలోచనకు స్నాప్-ఆన్‌ను మూలంగా చెప్పడం సరికాదు. మెకానిక్‌ల దగ్గరికే వెళ్ళి అమ్మే పద్ధతితో దానికి విస్తృత ప్రచారం తెచ్చిన ఘనత మాత్రం ఆ సంస్థకు దక్కుతుంది.

తయారీ కాలాన్ని నిర్ణయించడానికి మొదటి ఆధారం పేటెంట్ ముద్ర. అమెరికా చట్టం 1842 నుంచి పేటెంట్ తేదీని వస్తువు మీద వేయాలని కోరింది. 1927లో ఆ నియమం మారి, తేదీకి బదులు సంఖ్య వేయాల్సి వచ్చింది. అందువల్ల తేదీ మాత్రమే ఉన్న పానా సాధారణంగా 1927కు ముందుది. సంఖ్యల వరుస కూడా కాలాన్ని చెబుతుంది: పది లక్షల సంఖ్య 1911లో, ఇరవై లక్షలది 1935లో, ముప్ఫై లక్షలది 1961లో జారీ అయ్యాయి. అయితే పేటెంట్ చెప్పేది ఆ వస్తువు అంతకుముందు తయారు కాలేదని మాత్రమే. ఎంతకాలం తరువాత తయారైందో అది చెప్పదు. పేటెంట్ పొందిన వ్యక్తే తయారీదారు కావాలనీ లేదు, హక్కులు తరచూ కంపెనీలకు బదిలీ అయ్యేవి.

రెండో ఆధారం సంస్థల గుర్తులు. త్రిభుజంలో బి అక్షరం హార్ట్‌ఫర్డ్‌లోని బిల్లింగ్స్ అండ్ స్పెన్సర్‌ది. వజ్రాకారంలో డబ్ల్యూ అక్షరం బ్రూక్లిన్‌లో మొదలైన జె.హెచ్. విలియమ్స్ కంపెనీది. స్నాప్-ఆన్ తన పనిముట్ల మీద తయారీ సంవత్సరానికి సంకేతం వేసేది.

అసలు చిక్కు దుకాణాల బ్రాండ్లతో వస్తుంది. సియర్స్ సంస్థ 1927లో క్రాఫ్ట్స్‌మన్ పేరును నమోదు చేసుకుంది గాని, ఆ పనిముట్లను ఇతర కర్మాగారాల చేత చేయించింది. అందుకే ఒకే క్రాఫ్ట్స్‌మన్ పేరు కింద వేర్వేరు సంకేతాక్షరాలు కనిపిస్తాయి. వాటిలో వి అక్షరం మసాచుసెట్స్‌లోని స్ప్రింగ్‌ఫీల్డ్‌కు చెందిన మూర్ డ్రాప్ ఫోర్జింగ్‌ను సూచిస్తుంది. మాంట్‌గమరీ వార్డ్ వంటి ఇతర అమ్మకందార్లూ ఇదే పద్ధతి పాటించారు. సంకేతం లేని చోట రాచెట్ లోపలి నిర్మాణం, పిడి మీది గరుకు నగిషీ, అక్షరాల తీరు తయారీదారు సొంత పేరుతో అమ్మిన సరుకుతో సరిపోలుతున్నాయేమో చూస్తారు. నాటి కేటలాగులు ఇందుకు బాగా ఉపకరిస్తాయి.

పేర్ల మార్పు కూడా కాలాన్ని పట్టిస్తుంది. 1907లో లాస్ ఏంజెలిస్‌లో మొదలైన ప్లోంబ్ కంపెనీకి ఫిలడెల్ఫియాలోని ఫయెట్ ఆర్. ప్లంబ్ సంస్థతో పేరు విషయంలో వివాదం వచ్చింది. ఫలితంగా 1940ల చివర ప్లోంబ్ పేరు పోయి, ప్రోటో పేరు నిలిచింది. ప్లోంబ్ అని ఉన్న సాకెట్‌ను ఆ మార్పుకు ముందుదిగా భావించవచ్చు.

పూత కూడా ఒక సాక్ష్యమే. తొలి సెట్లకు నికెల్ పూతో, ఉత్త ఉక్కు మెరుగో ఉండేది. 1920ల చివర నుంచి క్రోమియం పూత వ్యాపించింది. రెండో ప్రపంచ యుద్ధంలో నికెల్, క్రోమియం వాడకంపై ఆంక్షలు రావడంతో కాడ్మియం పూత, నల్లటి ఆక్సైడ్ పూత కనిపిస్తాయి. పిడి అమరే చదరం కొలత మరో సూచన. 1/4, 3/8, 1/2 అంగుళాల కొలతలు స్థిరపడక ముందు 9/32 అంగుళం వంటివీ వాడుకలో ఉండేవి.

దేశాన్ని గుర్తించడానికి సాకెట్ మీది సంఖ్య సాయపడుతుంది. అమెరికా సాకెట్ మీద 1/2 అని ఉంటే అది సాధారణంగా నట్టు ఎదురెదురు ముఖాల మధ్య దూరం. బ్రిటిష్ విట్‌వర్త్ పద్ధతిలో అదే సంఖ్య బోల్టు మందాన్ని తెలుపుతుంది, నట్టు వెడల్పు సుమారు 0.92 అంగుళాలు. మిల్లీమీటర్ల కొలతతో జర్మన్ పేర్లుంటే రెమ్‌షైడ్ ప్రాంతాన్ని గమనించాలి. అక్కడి హాజెట్ సంస్థ పేరు దాని స్థాపకుడు హెర్మన్ జెర్వర్ పొడి అక్షరాల నుంచి వచ్చింది.

ఈ ఆధారాలలో ఏ ఒక్కటీ ఒంటరిగా చాలదు. పెట్టెలోని సాకెట్లు ఏళ్ళ తరబడి మారిపోయి ఉండవచ్చు కాబట్టి ప్రతి ముక్కనూ విడిగా పరిశీలించాలి. పేటెంట్, గుర్తు, పూత, కేటలాగు వీటిలో కనీసం రెండు ఏకీభవించినప్పుడే తయారీదారు పేరు ఖాయం చేయాలి. తుప్పు వదిలించడానికి గ్రైండర్ పడితే ముద్రలూ పూతా కలిసే పోతాయి గనుక, శుభ్రపరచడానికి ముందే వాటిని రాసుకుని ఫొటోలు తీసి ఉంచాలి.