తాడుకు ఇటూ అటూ

ట్రినిడాడ్ కార్నివాల్‌కు గుంపుగా వెళ్దామనుకునేవాళ్ళు ముందు తేల్చుకోవలసింది విమానం సంగతి కాదు, ఏ బ్యాండులో చేరాలన్నది. ఒకే ఇతివృత్తంతో వేషాలు కట్టి వీధుల్లో నడిచే వందల, వేల మంది దళాన్ని అక్కడ బ్యాండు అంటారు. పండుగ ఫిబ్రవరిలోనో మార్చిలోనో వస్తుంది. వేషాల బుకింగు మాత్రం ముందటేడు జులై, ఆగస్టుల్లోనే మొదలైపోతుంది. ఈకలు, పూసలు కుట్టిన వేషానికి వందల అమెరికన్ డాలర్లు పెట్టాలి. ముందు వరుసలో నడిచే వేషమైతే వెయ్యి దాటుతుంది.

మేం నలుగురం ఎం.ఏ. చరిత్ర ఒకే క్లాసులో చదివినవాళ్ళం. ఒకతె టొరంటోలో, ఒకతె డాలస్‌లో, ఇంకొకతె హైదరాబాదులో స్థిరపడ్డారు. నేను గుంటూరులో డిగ్రీ పిల్లలకు పాఠం చెబుతున్నాను. యాభై దాటాం, పిల్లలు ఎవరి దారిన వాళ్ళు వెళ్ళారు, ఇప్పుడు కాకపోతే ఇంకెప్పుడన్నారు. "మేం చదివిందంతా మర్చిపోయాం. రోజూ చెప్పేదానివి నువ్వే కదే, ఏ రోజు ఏం చూడాలో నువ్వే రాయి" అని పని నా నెత్తిన పడేశారు. రాయడానికి కూర్చుంటే, కార్యక్రమంలో ఏ వరుస పట్టుకున్నా అది ఏదో ఒక నిషేధం దగ్గర తేలింది. సర్కారు ఒకటి వద్దన్నప్పుడల్లా ఆ ద్వీపం మరొకటి కనిపెట్టింది. అలా పుట్టినవాటికే ఇప్పుడు మనం డబ్బు కట్టి రసీదు తీసుకుంటున్నాం.

ముందు తేదీలు. ఈస్టర్‌కు 46 రోజుల ముందు విభూది బుధవారం వస్తుంది. ఆ ఉపవాసాలు మొదలయ్యేలోపు తినేది తిని, ఆడేది ఆడేయాలి కాబట్టి దానికి ముందున్న సోమ, మంగళవారాలే కార్నివాల్. 2027లో అవి ఫిబ్రవరి 8, 9. విచిత్రమేమిటంటే ఆ రెండూ అధికారికంగా సెలవు దినాలు కావు. అయినా ఆ రెండు రోజులూ దుకాణం తెరిచేవాళ్ళు అరుదు.

ఈ సరదా అక్కడికి పడవెక్కి వచ్చింది. జనం లేని తన ద్వీపాన్ని నింపడానికి స్పెయిన్ రాజు 1783లో ఒక ఫర్మానా ఇచ్చాడు: కాథలిక్కులై ఉండి వలస వస్తే భూమి ఇస్తామని. చుట్టుపక్కల ద్వీపాల నుంచి ఫ్రెంచి తోటల యజమానులు తమ బానిసలను వెంటబెట్టుకుని దిగారు. క్రిస్మస్ మొదలుకొని విభూది బుధవారం దాకా ముసుగులు తగిలించుకుని ఒకరి బంగళాకొకరు వెళ్ళి నాట్యాలాడడం వాళ్ళ అలవాటు. 1797లో ద్వీపం ఇంగ్లీషువాళ్ళ చేతిలో పడినా ఆ అలవాటు పోలేదు. బానిసలకు అందులో చోటు లేదు. పైగా దొరలే చెరకు తోట కూలీ వేషం కట్టి ఒకరినొకరు చూసుకుని నవ్వుకునేవారు. తోటలో నిప్పు లేస్తే చుట్టుపక్కల తోటల బానిసలను కొరడాలతో, కొమ్ముబూరలతో రాత్రికి రాత్రి అక్కడికి తోలేవారు. ఆ తోలుకుపోవడం కూడా దొరలకు ఒక వేషమే.

1834 ఆగస్టు 1న బానిసత్వం కాగితం మీద రద్దయింది. నిజంగా కాళ్ళకు స్వేచ్ఛ వచ్చింది 1838 ఆగస్టు 1న. విడుదలైనవాళ్ళు ముందుగా చేసిన పనుల్లో ఒకటి, తమను వెక్కిరించిన ఆ వేషాన్ని తమ చేతుల్లోకి తీసుకోవడం. కాగడాలు వెలిగించి, డోళ్ళు మోగించి, కర్రలు పట్టుకుని ఊరేగారు. ఈ ఊరేగింపు పేరు క్యాంబూలే. మొదట విడుదల రోజుకు గుర్తుగా సాగింది, పోనుపోను కార్నివాల్‌లో కలిసిపోయి, ఆదివారం అర్ధరాత్రి దాటగానే మొదలయ్యేది. పేటకొక కర్రసాము జట్టు, జట్టుకొక పాటగాడు. అతను ఎదుటి జట్టును ఎద్దేవా చేస్తూ పాట అందుకుంటే వెనకవాళ్ళు పల్లవి పాడాలి. తరవాత వచ్చిన కాలిప్సో పాటకు ఆ గొంతులే మూలం. ఇదంతా చూసి పెద్దమనుషులు ఇళ్ళ తలుపులు మూసుకున్నారు. కార్నివాల్‌ను రెండు రోజులకు కుదించారు, ముసుగుల మీద ఆంక్షలు పెట్టారు, బూతు పాటల మీద చట్టం చేశారు.

ఆర్థర్ బేకర్ అనే కెప్టెన్ పోలీసు అధిపతిగా వచ్చాక వ్యవహారం ముదిరింది. 1880లో అతను కాగడాలు, డోళ్ళు, కర్రలు అప్పగించమంటే జనం తెల్లబోయి అప్పగించారు. మరుసటి ఏడు సిద్ధపడి వచ్చారు. 1881 ఫిబ్రవరి 27 ఆదివారం. అర్ధరాత్రి దాటింది. రాజధాని పోర్ట్ ఆఫ్ స్పెయిన్ వీధుల్లో బేకర్ సుమారు 150 మంది పోలీసులతో కాపు వేశాడు. మిగతా రోజుల్లో ఒకరి తల ఒకరు పగలగొట్టుకునే పేటల జట్లు ఆ రాత్రి ఒక్కటయ్యాయి. వీధి దీపాలు పగిలాయి. చీకట్లో కర్రలు, రాళ్ళు, సీసాలు. తెల్లారేసరికి 38 మంది పోలీసులు గాయపడ్డారు. సోమవారం గవర్నర్ ఫ్రీలింగ్ స్వయంగా మార్కెట్టు దగ్గరికి వచ్చి జనంతో మాట్లాడాడు. పోలీసులను బ్యారక్‌లు దాటనివ్వనన్నాడు, మీరూ శాంతంగా ఉండండన్నాడు. ఉన్నారు. గవర్నరు జనం ముందుకొచ్చి బేరమాడడం ఆ వలస రాజ్యంలో రోజూ జరిగే పని కాదు.

ఆ మాట ఎంతోకాలం నిలవలేదు. 1884లో ప్రజాశాంతి పేరిట చట్టం వచ్చింది. కాగడాలు, డోళ్ళు, కర్రలు పట్టిన పది మంది గుమికూడడం, అన్నీ బంద్. క్యాంబూలే చచ్చింది. కార్నివాల్ సోమవారం పొద్దున ఆరింటికి గానీ మొదలుకాకూడదన్నారు. సరేనని జనం పొద్దున్నే వీధిలోకి వచ్చారు, ఒళ్ళంతా మసీ మట్టీ పూసుకుని, చింకి పాతలు కట్టుకుని. అదే జూవే. ఇప్పుడు తెల్లవారుజామున నాలుగింటికే మొదలుపెట్టేస్తున్నారు. మట్టి, రంగు, నూనె, కరిగించిన చాక్లెట్, ఏది పూసుకుంటావో నీ ఇష్టం. హైదరాబాదావిడకు మా పట్టికలో అన్నిటికన్నా నచ్చింది ఇదే. "ఈకల వేషంలో పొట్ట దాచుకోలేంగానీ మట్టిలో అందరం ఒకటే" అంది.

అదే 1884లో మనవాళ్ళ మీద పడిన దెబ్బ గురించి చెప్పకుండా ముందుకు పోలేను. 1845 మే 30న ఫతేల్ రజాక్ ఓడ కలకత్తా నుంచి తొలి కూలీలను దించింది. 1917 దాకా లక్షా నలభై వేల మందికి పైగా ఆ దారిన వెళ్ళారు. ఎక్కువమంది నేటి బీహారు, ఉత్తరప్రదేశ్ వైపువాళ్ళు. కొన్ని ఓడలు మద్రాసు నుంచి కూడా వెళ్ళాయి. వాటిలో తమిళులతోపాటు తెలుగువాళ్ళూ ఉన్నారు. అక్కడ అందరినీ కలిపి మద్రాసీలన్నారు. ఆ కూలీలకు మొహర్రం పెద్ద పండుగ. పేరు హోసే. మన పల్లెల్లో పీర్ల పండుగకు హిందువులు ఎలా భుజం కలుపుతారో అక్కడా అంతే. చెరకు తోటల హిందూ కూలీలు తాజియాలు, అంటే ఊరేగించే సమాధి నమూనాలు, మోశారు, నల్లవాళ్ళు డోలు అందుకున్నారు. క్యాంబూలేను అణిచిన ఊపులోనే సర్కారు ఇటు తిరిగింది. ఊరేగింపులు పట్టణంలోకి గానీ పెద్ద రోడ్ల మీదకు గానీ రాకూడదంది. కూలీలు అర్జీ పెట్టుకున్నారు, వినలేదు. 1884 అక్టోబరు 30న శాన్ ఫెర్నాండోకు వచ్చే దారుల్లో తాజియాలు తెస్తున్న జనం మీద కాల్పులు జరిపించారు. కనీసం 16 మంది పోయారు, గాయపడినవాళ్ళు వంద దాటారు. కార్నివాల్ జనానికి గవర్నరు నచ్చజెప్పాడు, చెరకు కూలీలకు తూటా చెప్పింది. క్లాసులో ఈ రెండూ ఒకే గంటలో చెప్పాలని ఎప్పటినుంచో నా కోరిక. మన సిలబస్‌లో రెండింటికీ చోటు లేదు.

మళ్ళీ డోలు సంగతికొస్తాను. తోలు వాయించొద్దన్నారు కదా, జనం వెదురు నరికారు. లావుపాటి బొంగును నేలకేసి మోదితే మంద్రం, సన్నవాటిని ఒకదానితో ఒకటి కొడితే పై శబ్దం. కొన్ని దశాబ్దాలు వీధులు వాటితోనే మోగాయి. వెదురు పగులుతుంది, చేతులు కోసుకుంటాయి. 1930ల్లో కుర్రాళ్ళు బిస్కట్ డబ్బాలు, రంగు డబ్బాలు, చెత్తకుండీ మూతలు అందుకున్నారు. దెబ్బ తిన్నచోట రేకు లోపలికో పైకో లేస్తే స్వరం మారుతోందని వాళ్ళ చెవులు పట్టేశాయి. యుద్ధమని 1942 నుంచి కార్నివాల్‌ను ఆపేశారు. పెరట్లలో సాధన ఆగలేదు. 1945లో యూరప్‌లో యుద్ధం ముగిసిందన్న కబురు రాగానే ఆ డబ్బాలన్నీ వీధిలోకొచ్చాయి.

ఆ తరవాత నూనె పీపాలు చేతికొచ్చాయి. చమురు తీసే దేశం కాబట్టి 55 గ్యాలన్ల పీపాలకు కొదవలేదు. వాటితో చేసిన వాద్యమే పాన్. దాన్ని చేసే పద్ధతి చూడండి. పీపా అడుగును పైకి పెట్టి సమ్మెటతో బాది గిన్నెలా లోపలికి దించుతారు. అందులో గీతలు గీసి, ఉలి లాంటి పనిముట్టుతో ఆ గీతల వెంట సన్నగా కొట్టి స్వరాల గళ్ళు విడదీస్తారు. అంచును కావలసినంత ఎత్తున కోస్తారు, అంచు పొడుగు తగ్గేకొద్దీ స్థాయి పెరుగుతుంది. నిప్పు మీద కాల్చి చల్లారుస్తారు. అప్పుడు చిన్న సుత్తితో ఒక్కో గడినీ కిందనుంచీ పైనుంచీ తట్టుతూ శ్రుతి చేస్తారు. ముందు పనులకు బలమూ చేతి నేర్పూ చాలు, చివరిదానికి చెవి ఉండాలి. ఎలీ మానెట్, స్ప్రీ సైమన్, ఆంథొనీ విలియమ్స్ లాంటి వాళ్ళు ఆ చెవి ఉన్న కుర్రాళ్ళే. రౌడీలని పోలీసులు వెంటబడిన పేటల నుంచే పన్నెండు మందికి లోపు జట్టు 1951లో లండన్ ఉత్సవానికి వెళ్ళి వాయించి వచ్చింది. 1963లో పాన్ జట్లకు పనోరమా పోటీ మొదలైంది. 1992లో పాన్‌ను జాతీయ వాద్యం చేశారు. పోటీ టిక్కెట్టుకన్నా, దానికి ముందు రాత్రుల్లో జట్లు సాధన చేసే పెరడు, పాన్‌యార్డులో సాధన చూడడమే మేలని నా సలహా. వంద మంది ఒకే పాటను తప్పు దొరికినచోట ఆపి, మళ్ళీ మొదలుపెట్టి వాయిస్తుంటే బెంచీ మీద కూర్చుని వినవచ్చు.

మనవాళ్ళ డప్పులు కూడా చివరికి ఆ వీధిలోకొచ్చాయి. హోసేలో మోగిన తాషా ఇప్పుడు పెళ్ళిళ్ళలో, స్టేజీల మీద మోగుతుంది. 1970ల్లో లార్డ్ షార్టీ కాలిప్సోలో భారతీయ తాళాలు కలిపి సోకా పాటకు బాట వేశాడు. 1980ల చివర ద్రౌపతీ రామ్‌గునాయ్ భారతీయ బాణీ కలిసిన చట్నీ సోకా పాడితే, ఆడపిల్ల వీధికెక్కి నడుం తిప్పడమేమిటని మన పెద్దలే గగ్గోలు పెట్టారు. 1996 నుంచి ఆ పాటలకూ పోటీ జరుగుతోంది. అంటే వద్దనే పని సర్కారు వాళ్ళొక్కరే చేయలేదన్నమాట.

టొరంటో ఆవిడ అభ్యంతరం వేరు. "మా ఊళ్ళోనే ఏటా ఆగస్టులో జరుగుతుంది, అంత దూరం దేనికి?" అంది. నిజమే, అక్కడ 1967 నుంచీ కరీబియన్ వలసవాళ్ళ కార్నివాల్ ఉంది. కానీ దాని పుట్టిల్లు చూడాలంటే పియార్కో విమానాశ్రయంలో దిగాల్సిందే. వెంట తీసుకెళ్ళే సామాను గురించి కూడా పట్టికలో రాశాను. మిలిటరీ రంగుల మచ్చల బట్టలు పెట్టొద్దు, అక్కడ మామూలు మనుషులు వేసుకోవడం నేరం. ఇండియా నుంచి వెళ్ళే మా ఇద్దరికీ ఎల్లో ఫీవర్ టీకా కార్డు తప్పదు, తిరిగొచ్చేటప్పుడు మన విమానాశ్రయంలో అడుగుతారు. ప్రయాణానికి పది రోజుల ముందైనా వేయించుకోవాలి.

మిగిలిన తగాదా తాడు గురించి. డబ్బు కట్టిన బ్యాండు చుట్టూ కాపలావాళ్ళు లావుపాటి తాడు పట్టుకుని నడుస్తారు. లోపలివాళ్ళకు తిండి, పానీయాలు, పాటల లారీ, మరుగుదొడ్డి బండి. వేషం లేనివాడు తాడు దాటితే బయటికి నెడతారు. ఎవరి ముత్తాతలు ఆ వీధి కోసం రాళ్ళు రువ్వారో వాళ్ళలో చాలామంది నేడు ఆ తాడు బయట నిలబడి చూస్తున్నారు. ఇది నేను గ్రూపులో రాస్తే డాలస్ ఆవిడ ఊరుకోలేదు. "నలుగురు ఆడవాళ్ళం, ఊరు కాని ఊరు. తాడు లేకపోతే నలిగి చస్తామే. నీ చరిత్ర మమ్మల్ని కాపాడుతుందా?" అంది. కాదనలేను. అక్కడి ఆడవాళ్ళు కూడా ఆ భరోసా కోసమే డబ్బు కడుతున్నారు. కార్నివాల్ దళాల్లో ఇప్పుడు ఎక్కువమంది వాళ్ళే.

కాబట్టి ఇలా పంచుకున్నాం. కార్నివాల్ శుక్రవారం తెల్లవారకముందే పికడిల్లీ గ్రీన్స్‌లో 1881 నాటి గొడవను కర్రలతో, డోళ్ళతో ఆడి చూపిస్తారు. దానికి అందాలంటే గురువారానికే దిగాలి, టిక్కెట్లు అలాగే తీశాం. సోమవారం జూవేలో నలుగురమూ మట్టిలోనే. మంగళవారం డాలసూ టొరంటో ఈకలు కట్టి తాడు లోపల నడుస్తారు, వాళ్ళ డబ్బు వాళ్ళు కట్టేశారు. హైదరాబాదావిడా నేనూ బయట జనంలో నిలబడతాం. మా ఇద్దరికీ వేషం ఖర్చు మిగిలింది, దానితో ఇంకో మూడు రోజులు ఉండి శాన్ ఫెర్నాండో వెళ్ళొస్తాం.