నలుగురి నడుమ పొయ్యి

వంట ఇంటిలోపలి పని, అమ్మకం వీధిలోని పని అని మనకు అలవాటైన విభజన. ఈ రెండింటినీ ఒకచోటికి తెచ్చి, పదిమంది చూస్తుండగా పొయ్యి వెలిగించి, వండి, రుచి చూపించి, ఆ పాత్రనో పొయ్యినో సరుకునో అక్కడికక్కడే అమ్మే పద్ధతి ఒకటి కలదు. అమెరికాలో 1920 తరువాత అల్యూమినియం పాత్రల అమ్మకందార్లు దీనిని ఇండ్లలో నడిపినారు. ఒక ఇల్లాలు ఇరుగుపొరుగును పిలిచేది, అమ్మకందారు వచ్చి అందరికీ వండిపెట్టేవాడు. 1951లో టప్పర్‌వేర్ కంపెనీ తన సరుకును దుకాణాలనుండి తీసివేసి, ఇటువంటి ఇంటి విందుల ద్వారానే అమ్మసాగినది. ఆ కంపెనీ 1996లో మన దేశానికీ వచ్చినది.

నల్లగొండ, పాలమూరు మెట్టసీమలో ఈ ఆట ఇంటిలోపల సాగేది కాదు. వంటింటి గడప ఎవరు దాటవచ్చును, ఎవరు దాటరాదు అన్నది పల్లెలలో చాలాకాలం కులమే నిర్ణయించినది. రెండు గదుల ఇంటిలో ఇరవైమందిని కూర్చుండబెట్టే చోటు కూడా లేదు. కాబట్టి చూపి అమ్మే వంటకు ఇక్కడ తగిన స్థలాలు అంగడి, జాతర, ఎగ్జిబిషన్ మైదానం.

అంగడిలో అంతకుముందే ఒక పరీక్ష ఉన్నది. కుండ కొనే స్త్రీ దానిని ఎడమచేత ఎత్తి, కుడిచేతి వ్రేళ్ళతో తట్టి, చెవి ఒగ్గి వింటుంది. ఖంగుమంటే బేరం మొదలవుతుంది, బొంగురుగా పలికితే కుండ తిరిగి గడ్డిమీదికి పోతుంది. కుమ్మరి మాటలు ఎన్ని చెప్పినా పరీక్ష మాత్రం కొనేవారి చేతిలో ఉన్నది. అమ్మేవాడే వండి చూపినప్పుడు ఆ పరీక్ష వాని చేతికి పోతుంది. నా మట్టుకు ఈ విషయంలో పట్టించుకోదగిన చరిత్ర ఇదే అనిపిస్తుంది.

దేశంలో ఈ విద్యను పెద్ద ఎత్తున ప్రయోగించిన తొలి సరుకులలో తేయాకు ఒకటి. తోటల యజమానుల కోరికపై 1903లో ప్రభుత్వం తేయాకు ఎగుమతిపై సుంకం విధించి, ఆ సొమ్మును ప్రచారానికి కేటాయించినది. చాలాకాలం ఆ ప్రచారం విదేశాలలోనే ఎక్కువగా సాగినది. 1930 ప్రాంతంలో ప్రపంచమంతటా ధరలు పడిపోయి సరుకు పేరుకుపోగా, తోటలవారి చూపు ఈ దేశపు నోళ్ళమీద పడినది. 1937లో ఇండియన్ టీ మార్కెట్ ఎక్స్‌పాన్షన్ బోర్డు అనే పేరు వచ్చినది. దాని ఉద్యోగులు రైల్వేస్టేషన్లలో, బజారులలో, తిరునాళ్ళలో నీళ్ళు మరిగించి, చాయ చేసి ఉచితంగా పోసి, పైస పొట్లాలు అమ్మినారు. పాత్రను ముందుగా వేడిచేయవలెను, మనిషికి ఒక చెంచా ఆకు వేయవలెను, మరిగిన నీరు పోసి కాసేపు మూతపెట్టవలెను, పాలు తరువాత కలుపవలెను అని దేశభాషలలో ఎనామెల్ పలకలు కట్టినారు. జనం చాయను పుచ్చుకొన్నారు, పలకను విడిచిపెట్టినారు. ఆకు, పాలు, చక్కెర అన్నీ ఒకే గిన్నెలో వేసి కాచినారు. పరీక్ష తిరిగి కొన్నవారి చేతికి వచ్చిన సందర్భాలలో ఇది ముచ్చటైనది.

అయితే ఉచితంగా పోసిన చాయను ఎవరు ఏ గ్లాసుతో త్రాగినారు అన్న ప్రశ్నను దాటిపోరాదు. తరువాత ఊరూర వెలసిన చాయ హోటళ్ళలో దళితులకు వేరు గ్లాసు పెట్టి, త్రాగినవారే కడిగిపెట్టవలెనన్న దురాచారం నడిచినది. 1950లో రాజ్యాంగం అస్పృశ్యతను నిషేధించినది, 1955లో శిక్షాచట్టం వచ్చినది. ఆ తరువాత కూడా రెండు గ్లాసులు తెలుగు పల్లెలలో చాలాచోట్ల మిగిలినవి. పాలమూరు జిల్లా కురుమూర్తి జాతరను చూడండి. కార్తికమాసంలో స్వామివారి ఊరేగింపులో ప్రధానమైనవి ఉద్దాలు, అనగా పాదరక్షలు. వాటిని నియమనిష్ఠలతో తయారుచేసేవారు దళితులు. ఆ ఉద్దాలకు తలవంచి మ్రొక్కిన మనిషే, వాటిని కుట్టిన చేతితో కలిపిన అన్నాన్ని ఊరిలో ముట్టలేదు. నలుగురిలో వండి రుచి చూపే వర్తకునికి ఈ గీత ప్రతి మైదానంలోనూ అడ్డుపడేదే.

అయినను జాతరలో ఒక వెసులుబాటు ఉన్నది. స్త్రీలు ఆరుబయట వండటం అక్కడ వింత కాదు. కురుమూర్తి కొండక్రింద గాని, నార్కట్‌పల్లి దగ్గర చెరువుగట్టులో గాని, సూర్యాపేట దగ్గర దురాజ్‌పల్లి పెద్దగట్టులో గాని, బండి దిగిన కుటుంబం మొదట వెదికేవి మూడు రాళ్ళు. వంటపాత్ర అమ్మేవానికి ఇంతకంటె తగిన శ్రోతలు ఎక్కడ దొరుకుతారు?

పట్టణాలలో పద్ధతి వేరు. 1937లో బజారుకు వచ్చిన డాల్డాకోసం 1939లో పెద్ద ప్రచారం నడిచినది. డబ్బా ఆకారంలోని మోటారుబండిని వీధులలో త్రిప్పి, ప్రక్కన కొట్లు పెట్టి, వనస్పతితో చేసిన పదార్థాలను బాటసారులకు రుచి చూపినారు. కాలక్రమంలో ఏ కంపెనీ వనస్పతి అయినా మనవారి నోట డాల్డాయే అయినది. హైదరాబాదులో 1938లో పబ్లిక్ గార్డెన్సులో మొదలై, 1946లో నాంపల్లి మైదానానికి మారిన నుమాయిష్ కూరగాయలు తరిగే యంత్రాలకు, కొత్త పాత్రలకు ఏటేటా బహిరంగ వంటశాల అయినది. పాలమూరునుండి, నల్లగొండనుండి వెళ్ళినవారు అక్కడ చక్రాల్లాగా తెగిన ముల్లంగిని చూచి ముచ్చటపడి కొని తెచ్చిన యంత్రం, ఇంటివద్ద అదే ముల్లంగిని నలిపివేయటం చాలామందికి అనుభవమే!

ఇక పొగలేని పొయ్యి కథ కొంచెం నిలిచి చెప్పదగినది. వార్ధాలోని మగన్‌వాడీలో 1947లో మగన్ చుల్హా రూపొందినది. హైదరాబాదు ఇంజనీరింగ్ పరిశోధనాలయంలో ఎస్. పి. రాజుగారు, ఒకే మంటతో కొన్ని పాత్రలు ఉడికి పొగ గొట్టంద్వారా బయటికి పోయే మట్టిపొయ్యిని తయారుచేసి, 1953లో దానిపై పుస్తకం ప్రకటించినారు. ఆయన తలచినది కోట్లాది పేద వంటిళ్ళు. 1952 అక్టోబరు 2న సమాజ వికాస పథకాలు ప్రారంభమైనవి. 1959 అక్టోబరులో నెహ్రూగారు అప్పటి మహబూబ్‌నగర్ జిల్లాలోని షాద్‌నగర్‌లో పంచాయతీరాజ్యాన్ని ప్రారంభించినారు. బ్లాకుల గ్రామసేవికలకు వంట చేసి చూపటం ఉద్యోగధర్మమే అయినది.

కాని ఇక్కడ ఒక చిక్కు ఉన్నది. డాల్డా వాసన మైదానంలో దూరానికి పోతుంది. ప్రెషర్ కుక్కరు ఈల వీధి చివరకు వినవస్తుంది. పొగలేని పొయ్యి సుగుణం మాత్రం ఆరుబయట కనిపించదు, ఎందుకంటే ఆరుబయట ఏ పొయ్యి పొగైనా గాలిలో పోయేదే! దాని విలువ కిటికీలేని వంటింటిలో, తడిసిన ఆముదపుకట్టె మండుతున్నప్పుడు, చంటిబిడ్డను ఒడిలో పెట్టుకొన్న తల్లి కండ్లకు తెలుస్తుంది. పైగా ఈ సీమ తిండి జొన్నరొట్టె. దానికి వెడల్పైన పెనం కావలెను, పెనం అడుగున పరచుకొనే మంట కావలెను, చివరకు రొట్టెను నిప్పులకు చూపవలెను. కుండలకు కొలిచి చేసిన కన్నాలలో అన్నం, పప్పు చక్కగా ఉడుకుతవి, రొట్టెకు ఆ కొలత పనికిరాదు. 1983 చివరలో మొదలైన జాతీయ మెరుగైన పొయ్యిల పథకం 2002లో ముగిసినది. పంచిన పొయ్యిలలో ఎన్నో గొట్టం మసి దులిపే దిక్కులేక, పగిలినచోట మెత్తేవారులేక మూలపడినవి.

1999లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం దీపం పథకం పెట్టి, డ్వాక్రా సంఘాల స్త్రీలకు గ్యాసు కనెక్షన్లు ఇచ్చినది. డిపాజిట్టు ప్రభుత్వం కట్టగా, పొయ్యి, గ్యాసు కుటుంబం కొనుక్కొన్నది. పొయ్యి ముట్టించే విధం, ఆర్పే విధం నేర్పితేనే భయం తీరుతుంది. మగవారు చుట్టూ నిలబడగా ఆడవారు వెనుకనుండి తొంగిచూచే పాత కూటములకంటె, సంఘసభ్యురాలే ముందుకు వచ్చి మీట త్రిప్పే ఏర్పాటు ఎన్నోరెట్లు మేలైనది. కాని ఏ ప్రదర్శనలోనూ రెండవ సిలిండరు కనిపించదు. చేనులో కందికట్టె, ఆముదపుకట్టె ఊరికే దొరికే ఇంటికి అది బరువు. గ్యాసును చాయకు, చుట్టాలు వచ్చిననాటి వంటకు దాచుకొన్న కుటుంబాలు ఎన్నో. 2016లో వచ్చిన ఉజ్జ్వల పథకంలోనూ ఈ రెండవ సిలిండరే ప్రశ్న అయినది.

ఈనాడు పాలమూరు పల్లెలలో చాలా ఇండ్లలో రెండు పొయ్యిలు కనబడతవి. గ్యాసుపొయ్యి లోపల గట్టుమీద, మట్టిపొయ్యి వాకిట గోడవార. చాయ లోపల కాగుతుంది. రొట్టెలు వాకిట కాలుతవి.