చుట్టాలొస్తే బ్రుస్కెట్టా: నిన్నటి రొట్టి కథ

ఆదివారం భీమిలి బీచ్‌కి బయల్దేరిన చుట్టాలు దారిలో మనింటి దగ్గర ఆగడం తగరపువలస వాళ్లకి అలవాటే కదా. పది నిమిషాల్లో ఏం పెడతాం? నేనైతే బ్రుస్కెట్టా అంటాను. 'బ్రుషెట్టా' అనకండి, ఇటాలియన్‌లో అక్కడ పలికేది 'క'.

కేఫ్‌లో పెద్ద ప్లేటులో మూడు ముక్కలు పెట్టి తెస్తే ఇదేదో గొప్పింటి వంట అనిపిస్తుంది. కాదండీ, ఇది నిన్నటి రొట్టి. రోమ్ వైపు యాసలో 'బ్రుస్కారే' అంటే నిప్పుల మీద కాల్చడం. పేరు అక్కణ్నుంచే వచ్చింది. రైతులు ఎండిపోయిన రొట్టిని పారెయ్యకుండా బొగ్గుల మీద కాల్చి, వెల్లుల్లి రుద్ది, ఆలివ్ నూనె పోసి, ఉప్పు జల్లుకునేవాళ్లు. టస్కనీలో దీన్నే 'ఫెత్తుంతా' అంటారు, అంటే నూనె పట్టిన ముక్క. అక్కడి రొట్టి పిండిలో ఉప్పే వెయ్యరు. అందుకే పైన జల్లే ఉప్పుకి అంత పని.

చలికాలం ముందు ఆలివ్ కాయలు కోసి గానుగ ఆడించే రోజుల్లో, కొత్త నూనె రుచి చూడాలంటే వాళ్లకి ఈ కాల్చిన రొట్టే కావాలి. మనింట్లో కొత్తావకాయ కలిపాక ఆ బేసిన్‌లోనే వేడన్నం వేసి, అడుగంతా తుడిచి, తలా ఒక ముద్ద పెడతారు చూడండి... అచ్చం అదే! పని జరిగిన చోటే పుట్టిన రుచి.

మరి టమాటా? అది చాలా లేటు. టమాటా అమెరికా ఖండాల మొక్క. 1548 అక్టోబర్ 31న పీసాలో ఉన్న కోసిమో మెడిచీ ప్రభువుకి ఒక బుట్టెడు టమాటాలు చేరాయని ఆయన ఇంటి అధికారి ఉత్తరం రాశాడు. పేరు కూడా ఘనంగానే పెట్టారు, 'పొమొదోరో', బంగారు ఆపిల్ అని. కానీ నోట్లో పెట్టుకోడానికి తొందరపడలేదు. నేపుల్స్‌లో ఆంటోనియో లాటిని వంట పుస్తకం 1690లలో అచ్చయ్యేదాకా, టమాటా సాస్ ఎలా చెయ్యాలో అక్కడ అచ్చులోకే రాలేదు. ఆ సాస్‌కి కూడా ఆయన 'స్పెయిన్ పద్ధతి' అనే పేరు పెట్టాడు! ఇటలీ వాళ్లకీ టమాటా పరాయిదే అన్నమాట.

"ఇది మన తిండి కాదు కదా" అనే పెద్దవాళ్లు ప్రతి ఇంట్లో ఉంటారు. ఆవకాయలో కారం కూడా సముద్రం దాటి వచ్చిందేనని మెల్లగా చెప్పండి. టమాటాని రామ్ములగ పండు అని పిలిచి మనదాన్ని చేసేసుకున్నది వాళ్ల పెద్దవాళ్లే. భీమిలి డచ్ సమాధులు చూశారా? ఆ ఊరు 1825లో ఇంగ్లీషు కంపెనీ చేతికొచ్చేదాకా డచ్చివాళ్లదే. ఓడల రాకపోకలు మన గుమ్మం ముందే జరిగాయి.

సరే, పెనం పెట్టండి. బేకరీలో కొయ్యని బ్రెడ్డు తెచ్చి, వేలెడు మందం ముక్కలు కోసి, నూనె లేకుండా రెండు వైపులా కాల్చండి. వేడి మీదే వెల్లుల్లి రుద్దండి. టమాటా గింజలు తీసి, సన్నగా తరిగి, ఉప్పు కలిపి ఐదు నిమిషాలుంచి నీళ్లు వంపేయండి. ఆలివ్ నూనె లేకపోతే గానుగ నువ్వుల నూనె వెయ్యండి. రుచి వేరే, కానీ నాకు అదే ఇష్టం. ఇటలీ వాళ్ల తులసి మన పూజ తులసి కాదు, కొత్తిమీర చాలు.

టమాటా మాత్రం చుట్టాలు కూర్చున్నాకే పైన పెట్టండి. ముందే పెడితే రొట్టి మెత్తబడిపోతుంది.