పై ఉత్తర్వు, కింది ఉద్యోగి – 1804 నాటి ఒక తీర్పు

ఉద్యోగంలో ఉన్నంతకాలం మనలో చాలామందిని ఏదో ఒకనాడు వేధించిన ప్రశ్న ఒకటుంది. చట్టం ఒకటి చెబుతుంది, పైనుంచి వచ్చిన ఉత్తర్వు ఇంకొకటి చెబుతుంది. ఏది పాటించాలి? తేడా వస్తే బాధ్యత ఎవరిది? పదవీ విరమణ తరువాత తీరికగా అమెరికా చరిత్ర చదువుతుండగా, ఆ దేశపు సుప్రీంకోర్టు 1804లోనే దీనికి చెప్పిన జవాబు నా కంటబడింది. 'లిటిల్ వర్సెస్ బారీమ్' అనే ఆ కేసు మన సభ్యులకు ఆసక్తి కలిగిస్తుందని ఇక్కడ రాస్తున్నాను.

ఇంగ్లండు రాజు ఏలుబడిని వదిలించుకున్న అమెరికన్లు 1787లో రాజ్యాంగం రాసుకున్నప్పుడు అధ్యక్షుణ్ణి సేనలకు అధిపతిని చేశారు. అయితే చట్టాలు చేయడం, యుద్ధం ప్రకటించడం, ఖజానా సొమ్ము మంజూరు చేయడం కాంగ్రెసు చేతిలో ఉంచారు. ఆ చట్టాలు సక్రమంగా అమలయ్యేలా చూడడం అధ్యక్షుడి విధి. కాగితం మీద గీసిన ఈ గీత పదేళ్ళకే సముద్రం మీద పరీక్షకు వచ్చింది.

1798 నుంచి 1800 వరకు అమెరికా, ఫ్రాన్సుల మధ్య ప్రకటించని నౌకాయుద్ధం నడిచింది. ఫ్రాన్సుతో వర్తకం నిషేధిస్తూ కాంగ్రెసు 1799 ఫిబ్రవరిలో చేసిన చట్టం, ఫ్రెంచి రేవులకు వెళ్ళే అమెరికన్ ఓడలను పట్టుకునే అధికారం నౌకాదళానికిచ్చింది. అధ్యక్షుడు జాన్ ఆడమ్స్ ప్రభుత్వంలో నౌకాదళ కార్యదర్శి బెంజమిన్ స్టాడర్ట్ ఆ చట్టం ప్రతిని జతచేస్తూ కెప్టెన్లకు ఉత్తర్వులు పంపాడు. అందులో ఫ్రెంచి రేవులకు వెళ్ళే ఓడలతో పాటు అక్కడినుంచి వచ్చేవాటినీ విడిచిపెట్టవద్దని ఉంది. డెన్మార్కు కాగితాల చాటున తిరిగే అమెరికన్ ఓడలు తప్పించుకోకూడదన్నది ఉద్దేశం. ఉద్దేశం మంచిదే, కాని చట్టంలో లేని మాట ఒకటి ఉత్తర్వులో చేరింది.

1799 డిసెంబరు 2న 'బోస్టన్' యుద్ధనౌక కెప్టెన్ జార్జి లిటిల్, 'ఫ్లయింగ్ ఫిష్' అనే ఓడను పట్టుకున్నాడు. అది నేటి హైతీలోని జెరెమీ అనే ఫ్రెంచి రేవు నుంచి డెన్మార్కు పాలనలోని సెయింట్ థామస్ దీవికి పోతోంది. తీరా చూస్తే ఓడ నిజంగానే డెన్మార్కు వారిది. కింది కోర్టు ఓడను తిరిగి ఇమ్మన్నది, నష్టపరిహారం మాత్రం ఇప్పించలేదు. పై కోర్టు 8,504 డాలర్లు కెప్టెనే చెల్లించాలన్నది. వ్యవహారం సుప్రీంకోర్టుకు చేరింది.

తీర్పు రాసిన ప్రధాన న్యాయమూర్తి జాన్ మార్షల్ ఒకప్పుడు ఆడమ్స్ ప్రభుత్వంలో విదేశాంగ కార్యదర్శి. 1801లో ఆయనను ఆ పీఠం మీద కూర్చోబెట్టిందీ ఆడమ్సే. పైవారి ఆజ్ఞ పాటించిన సైనికుణ్ణి శిక్షించరాదని తనకు మొదట అనిపించిందనీ, తోటి న్యాయమూర్తుల వాదన విని అభిప్రాయం మార్చుకున్నాననీ మార్షల్ తీర్పులోనే దాచకుండా రాశాడు. కాంగ్రెసు ఏమీ చెప్పకపోయి ఉంటే ఇలాంటి ఉత్తర్వు చెల్లేదేమో. కాని ఏ ఓడలను పట్టుకోవచ్చో కాంగ్రెసు స్పష్టంగా చెప్పాక, అధ్యక్షుడి ఆదేశం ఆ హద్దు దాటలేదు. చట్టవిరుద్ధమైన పనిని ఉత్తర్వు చట్టబద్ధం చేయలేదు. పరిహారం ఖాయమైంది.

ఇది అన్యాయం కాదా అని నేనూ అనుకున్నాను. ఉత్తర్వు ఇచ్చినవారు క్షేమం, పాటించినవాడికి జరిమానా! అయితే కథ అక్కడితో ముగియలేదు. 1807లో కాంగ్రెసు ప్రత్యేక చట్టం చేసి లిటిల్‌ను ఆ భారం నుంచి ఆదుకుంది. చట్టం నిలిచింది, ఉద్యోగీ వీధిన పడలేదు.

అధికారులే స్వయంగా పరిహారం కట్టాలన్న కఠిన నియమం తరువాతి కాలంలో చాలా సడలింది. కాని కాంగ్రెసు గీసిన గీతను అధ్యక్షుడు దాటరాదన్న సూత్రం మిగిలింది. 1952లో అధ్యక్షుడు ట్రూమన్ ఉక్కు కర్మాగారాలను స్వాధీనం చేసుకున్నప్పుడు సుప్రీంకోర్టు అది చెల్లదన్నది. ఆ సందర్భంలో న్యాయమూర్తి టామ్ క్లార్క్ ఈ పాత ఓడ కేసునే ఆధారంగా చూపాడు.

పై అధికారి ఆదేశం సాధారణంగా రాతపూర్వకంగా ఉండాలని మన కేంద్ర ఉద్యోగుల 1964 ప్రవర్తనా నియమాలు చెబుతాయి. కాగితం చేతికొస్తే చాలు, గండం గడిచినట్లేనని మనం భావించేవాళ్ళం. లిటిల్ చేతిలోనూ కాగితం ఉంది, దాని పక్కనే చట్టం ప్రతీ ఉంది. ఆ రెండింటినీ పోల్చి చదవవలసిన బాధ్యత ఉద్యోగిదేనని ఆ తీర్పు చెప్పింది. పాలకుడి అధికారానికి రాజ్యాంగం గీసిన హద్దు నిలబడాలంటే, ఉత్తర్వు అందుకున్నవాడు కూడా చట్టం చదివినవాడై ఉండాలి. ఇంకా సర్వీసులో ఉన్న మన పిల్లలకు ఈ మాట చెప్పడం మన వంతు.