గల్ఫ్ వలస ఇళ్లలో బాపమ్మ: జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల

ఉత్తర తెలంగాణలోని జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతాల్లో కొడుకులు గల్ఫ్‌కు పోయిన ఇళ్లను చాలాచోట్ల నిలబెట్టింది బాపమ్మ, అంటే నాయనమ్మ. కోడలు కూడా దూరమైన ఇంట్లో మనవలకు తల్లీ తండ్రీ ఆమే. పరాయి దేశంలో కొడుకు పడే వివక్ష, ఇంటిమీది అప్పు, పిల్లల చదువు, ఈ మూడింటి భారమూ ఆమె మీదే పడుతుంది.

నేపథ్యం

వానను నమ్ముకున్న సేద్యం, అడుగంటిన బావులు, దొరల పెత్తనం ఇక్కడి పేదలకు ఊళ్లో బతుకు కష్టం చేశాయి. ఆ పెత్తనానికి ఎదురు తిరిగి 1978 సెప్టెంబరు 7న రైతుకూలీలు జగిత్యాల జైత్రయాత్ర జరిపారు. ఆ ఏడాదే జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను ప్రభుత్వం కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించింది. 1970లలో చమురు ధరలు పెరిగి గల్ఫ్‌లో నిర్మాణ పనులు ఊపందుకున్నాక జనం దుబాయ్, మస్కట్, సౌదీ బాట పట్టారు. సిరిసిల్ల నేత కార్మికులకు మహారాష్ట్రలోని భీవండికి వలస కూడా తెలిసిన దారే.

పరాయి నేల మీద వివక్ష

కఫాలా పద్ధతిలో కార్మికుడి వీసా యజమాని గుప్పిట్లో ఉంటుంది. పాస్‌పోర్టు లాక్కోవడం, జీతం ఆపడం ఎన్నో ఇళ్లు చవిచూసిన కష్టాలు. ఒకే పనికి మనిషి ఏ దేశం వాడన్నదాన్ని బట్టి జీతం మారుతుంది. గల్ఫ్‌కు వెళ్లే భారతీయ కార్మికుల కనీస సిఫారసు వేతనాలను కేంద్రం 2020లో తగ్గించింది, నిరసనలు రావడంతో 2021లో ఆ నిర్ణయాన్ని వెనక్కి తీసుకుంది. ఓ కేసులో దుబాయ్ జైల్లో సుమారు 18 ఏళ్లు గడిపిన సిరిసిల్ల ప్రాంత కార్మికులు కొందరు 2024లో ఇల్లు చేరారు. అన్నేళ్లూ వాళ్ల పిల్లలు తండ్రి లేకుండానే పెరిగారు.

బాపమ్మ శ్రమ

కోరుట్ల, జగిత్యాల వైపు ఆడవాళ్లకు బీడీలే పెద్ద ఆధారం. ఖార్ఖానా నుంచి తునికాకు, తంబాకు, దారం తెచ్చుకుంటారు. ఆకును నానబెట్టి, తడిగుడ్డలో చుట్టి ఉంచి, మెత్తబడ్డాక కత్తెరతో కొలతకు కోస్తారు. ఒళ్లో చేట పెట్టుకుని, ఆకులో చిటికెడు తంబాకు వేసి చుట్టి, కొన ముడిచి దారం కడతారు. కూలి వెయ్యి బీడీల లెక్కన వస్తుంది. బాగాలేవని పక్కన పడేసిన బీడీల నష్టం చుట్టినవాళ్లదే. తంబాకు ఘాటుకు దగ్గు, గంటల తరబడి వంగి కూర్చోవడంతో నడుంనొప్పి తప్పవు. సిరిసిల్లలో మరమగ్గాలకు కండెలు చుట్టే పని చేసేవారిలో ముసలివాళ్లూ ఉంటారు. కొడుకు పంపే పైసలు మిత్తీలకే సరిపోయిన నెలల్లో ఉప్పూపప్పూ, బడి ఫీజూ ఈ కూలితోనే గడుస్తాయి.

కథాసాహిత్యం

జగిత్యాలలో పుట్టిన బి.ఎస్. రాములు బీడీ కార్మికుల జీవితాన్ని ‘బతుకు పోరు’ నవలగా రాశారు. సిరిసిల్ల ప్రాంతానికి చెందిన పెద్దింటి అశోక్ కుమార్ ‘వలస బతుకులు’ కథల్లో, ‘ఎడారి మంటలు’ నవలలో వలస కుటుంబాల గోసను చిత్రించారు. ఒకరు చేట ముందున్న మనిషిని చూపితే మరొకరు ఎడారికి పోయిన మనిషిని చూపారు. ఈ రెండు బతుకులూ కలిసేది బాపమ్మ ఇంట్లోనే కాబట్టి ఈ రచనలను జోడించి చదివితేనే వలస పూర్తిగా అర్థమవుతుంది.

గుర్తింపు

బీడీ, సిగార్ కార్మికుల చట్టం 1966లో వచ్చింది. 2014లో మొదలైన రాష్ట్ర పింఛన్ల పథకం ‘ఆసరా’ కింద తర్వాత బీడీ కార్మికులకూ పింఛను దక్కింది. 2019లో అది నెలకు 2,016 రూపాయలకు పెరిగింది. గల్ఫ్‌లో చనిపోయిన కార్మికుల కుటుంబాలకు 5 లక్షల రూపాయల పరిహారానికి తెలంగాణ ప్రభుత్వం 2024లో ఉత్తర్వు ఇచ్చింది. అయితే బాపమ్మకు పింఛను అందేది ముసలితనానికో, వైధవ్యానికో, బీడీ పనికో. మనవలను సాకి ఒక తరాన్ని నిలబెట్టిన శ్రమ ఆ లెక్కలో లేదు. గల్ఫ్ నుంచి వచ్చిన సొమ్ములో ఆమె కష్టానికీ వాటా ఉంది. వలస విధానం ఏది రాసినా ఆ వాటాను గుర్తించడం న్యాయం.